సున్నాను నమ్మని గొట్టం

నేను ఒక బుడగల గొట్టాన్ని. చొక్కా జేబులో పెన్నులా ఇమిడిపోతాను. నా కడుపు నిండా తేటైన జిగురు, అందులో కంటికి ఆనని చుక్కలు. న్యూట్రాన్ అనే కనబడని కణం వచ్చి చుక్కను తాకితే అది బుడగై ఉబ్బుతుంది. బుడగ కనబడిందంటే దొంగ వచ్చి వెళ్ళాడని అర్థం. లెక్క చూసుకున్నాక మూత బిగిస్తే బుడగలు అణగి మళ్ళీ తేటపడతాను.

నన్ను తయారుచేసిన చోటే నాకు అనుమానం అబ్బింది. అక్కడ సీసపు తలుపులు చూసుకుని మనుషులు ధైర్యంగా తిరుగుతుంటే నాకు నవ్వొచ్చేది. న్యూట్రాన్‌కు సీసమంటే లెక్కేలేదు, అత్తారింటి గుమ్మం దాటినంత దర్జాగా దాటిపోతుంది. నీరు, మైనం, ప్లాస్టిక్ లాంటివైతేనే దాని జోరు తగ్గిస్తాయి. ఒంట్లోకి దూరినప్పుడు చప్పుడు చేయదు, ఏళ్ళు గడిచాక జబ్బై బయటపడుతుంది. అలాంటిదాన్ని నమ్మడమా!

చేతులు మారి మారి విశాఖ శివార్లలోని ఒక పరిశోధన కేంద్రానికి చేరాను. తేలిక అణువులను కలిపి సూర్యుడిలా మండించాలని చూసే యంత్రం అక్కడుంది. సూర్యుడిని ఇంటికి పిలిచి ఎండ మాత్రం తగలకూడదనడం మనుషులకే చెల్లింది. లావుపాటి గోడకు ఇవతల పంపులు బాగుచేసే గది. యంత్రం నడుస్తుండగానే మెకానిక్ పైడిరాజు ఆ గదిలో పనిచేయవచ్చా అన్నదే ప్రశ్న.

జవాబు చెప్పాల్సింది అక్కడ రేడియేషన్ భద్రత చూసే హిమజ. ఆమె కంప్యూటర్‌లో అదే గోడను కట్టి, దాని మీదికి లక్షల ఊహా న్యూట్రాన్లను వదిలింది. ఒక్కటీ గదిలోకి రాలేదు. తెర మీద సున్నా.

“సున్నా! ఇంకేం కావాలమ్మా? రేపట్నుంచి పైడిరాజుని పన్లో దింపేద్దాం,” అన్నారు పెద్ద ఇంజనీరు త్రివిక్రమరావు గారు.

ఆ సున్నా మొహం చూస్తేనే నాకు అనుమానం. కాపలావాడికి దొంగ కనబడలేదంటే దొంగ రాలేదనా, వాడు అటు చూడలేదనా? హిమజకూ అలాగే తోచినట్టుంది. ఖాళీ గదిలో నన్ను వేలాడదీసి యంత్రం నడిపించింది. బయటికి తీసేసరికి నా ఒళ్ళంతా బుడగలు.

“ఈ ఉక్కపోతకి పొంగిందమ్మా అది,” అన్నారాయన. వేడికి మేం పొంగే మాట నిజమే కాబట్టి నాకు మరీ ఒళ్ళు మండింది. కానీ గోడకు దూరంగా, అంతే వేడిలో, హిమజ పోల్చి చూడ్డానికి పెట్టిన నా తోటి గొట్టం తేటగా ఉంది. హిమజ మళ్ళీ లెక్కకు కూర్చుంది. గోడలో కేబుళ్ళు పోయే సన్నని, తిన్నని కన్నం ఒకటుంది. ఊహా న్యూట్రాన్లలో ఒక్కటీ దాని నోట్లో పడలేదు, అందుకే సున్నా. ఈసారి కన్నం వైపే గురిపెట్టి వదిలింది. సున్నా పోయి అసలు లెక్క బయటపడింది.

కేబుళ్ళను వంపు తిప్పి, కన్నానికి న్యూట్రాన్లను మింగేసే బోరాన్ కలిపిన ప్లాస్టిక్ దిమ్మలు పేర్చారు. నన్ను మళ్ళీ వేలాడదీసి యంత్రం నడిపారు. ఒక్క బుడగా లేదు. గర్వపడ్డాను, ఎందుకు దాచాలి?

“అయితే నానెల్లిపోనా మేడమ్?” అంటూ పైడిరాజు బూట్లు తొడుక్కుంటున్నాడు.

“ఆగు పైడిరాజూ. ఇది కూడా సున్నాయే కదా,” అంది హిమజ.

నా మీదే అనుమానం! మైనం డబ్బాలో దాచి ఉంచిన, న్యూట్రాన్లను వెదజల్లే పరీక్ష మూలకం ఎదుట నన్ను పెట్టింది. దాని ముందు మా జాతిలో ఎవరైనా కాసేపటికే ఉబ్బాలి. నేను ఉబ్బలేదు. మూత బిగించీ విప్పీ, నా జిగురు ఎప్పుడు చచ్చిపోయిందో నాకే తెలియదు. లోకాన్నంతా అనుమానించాను గాని నన్ను నేను అనుమానించుకోలేదు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటే ఇదే. నన్ను నమ్మి ఆ మనిషి లోపలికి వెళ్ళబోయాడని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నా తోటి గొట్టాన్ని అదే మూలకం ముందు పరీక్షించాక గదిలో వేలాడదీశారు. దానికి బుడగలొచ్చాయి. దిమ్మల మధ్య ఇంకా సందు మిగిలిందన్నమాట. దాన్నీ పూడ్చి, మళ్ళీ చూసి, అప్పుడే పైడిరాజును పంపారు.

ఇప్పుడు నేను హిమజ బల్ల మీద పెన్నుల డబ్బాలో ఉంటున్నాను. పైడిరాజు పనికి దిగేముందు గొట్టం కోసం అక్కడికే వస్తాడు.

“తేటగానే ఉందయ్యా, వెళ్ళు,” అంటారు త్రివిక్రమరావు గారు.

అతను కదలడు. పెన్నుల మధ్య తేటగా నిలబడ్డ నా వైపు ఒకసారి చూసి, చేతిలోని గొట్టాన్ని చూపిస్తూ హిమజనే అడుగుతాడు.

“ఇది బతికుందో నేదో సూసినారేటి మేడమ్?”