రాగి గదిలో యాభై నాలుగో గంట

తలుపు మూసింది రుచితే. తర్వాత ఎవరు ఎన్ని రకాలుగా అడిగినా ముందు ఆ సంగతే చెప్పేది.

మే నెల, ఆదివారం, మధ్యాహ్నం రెండు. విజయవాడ ఆటోనగర్‌లో ఆదివారం పూట సుత్తి చప్పుడు కూడా వినపడదు. లారీ బాడీలు కట్టే షెడ్లన్నీ షట్టర్లు దించుకుని ఎండకు మాడుతున్నాయి. వాటి వెనక వీధిలో, బయటికి గోడౌన్‌లా కనిపించే ల్యాబ్‌లో ఆ రోజు ఇద్దరే ఉన్నారు. ఒకరు ముప్పై ఏళ్ల ఇంజినీరు రుచిత, ఇంకొకరు యాభై ఎనిమిదేళ్ల టెక్నీషియన్ అబ్దుల్ రవూఫ్.

ల్యాబ్ మధ్యలో ఒక గది ఉంది. అందరూ దాన్ని రాగి గది అంటారు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. గోడలకూ కప్పుకూ రాగి రేకు, రేకు మీద మొనలు తేలిన నల్లటి స్పాంజి. బయటి సెల్ టవర్ల సిగ్నల్ లోపలికి రాకూడదని అలా కట్టారు. లోపలి సిగ్నల్ కూడా బయటికి పోదు. అందుకే రుచిత ఫోన్ అందుబాటులో లేదంటే కంపెనీలో ఎవరూ కంగారుపడరు. గదిలో ఉందనుకుని తమ పని చూసుకుంటారు.

గదిలో బల్ల మీద చిన్న డబ్బా, డబ్బాలో చిటికెన వేలి గోరంత చిప్. ఆ చిప్‌లో కంటికి ఆనని ఒక ఉంగరం ఉంది. లేజర్ వెలుగు అందులో పడి గిరగిరా తిరుగుతూ మైక్రోవేవ్ సిగ్నల్‌ను పుట్టిస్తుంది. సెల్ టవర్ దగ్గర బీరువా అంత పరికరం చేసే పనిని ఆ గోరంత ముక్క చేస్తుంది. గోడలోని ఇత్తడి గొట్టం గుండా వెంట్రుకలాంటి ఫైబర్ ఒకటి బయటికి వెళ్లి, రోడ్ల కింద ఊరంతా దాటి, భవానీపురంలోని కంపెనీ రెండో ఆఫీసులో తేలుతుంది. అక్కడ హర్షవర్ధన్ అనే ఇంజినీరు స్క్రీన్ మీద ఒకే ఒక గీతను చూస్తూ కూర్చున్నాడు. సిగ్నల్ కదలకపోతే గీత తిన్నగా ఉంటుంది. డెబ్బై రెండు గంటలు తిన్నగా ఉంటే ఒక పెద్ద టెలికాం సంస్థ ఆ చిప్‌ను తీసుకుంటుంది. లేకపోతే జూన్‌లో షట్టర్ దించేయడమేనని ఎండీ వెంకటకృష్ణారావు గారు దాచకుండా చెప్పారు. ఇరవై రెండు మంది రోడ్డున పడతారు.

పరీక్ష శుక్రవారం ఉదయం తొమ్మిదికి మొదలైంది. యాభై మూడు గంటలు గడిచాయి. గీత స్కేలు పెట్టి గీసినట్టుంది.

పరికరాల రాక్‌లో ఒక ఫ్యాను గరగరలాడుతోందని మార్చడానికి ఇద్దరూ లోపలికి వెళ్లారు. లోపల మనిషి ఉన్నప్పుడు తలుపు సందులో చెక్కముక్క పెట్టాలన్నది నియమం. పెడితే ఆ సందులోంచి టవర్ సిగ్నల్ దూరి గీత వణుకుతుంది. ఐదు నిమిషాల పనే కదా అని రుచిత చెక్కను కాలితో తోసేసి, లీవరు లాగి తలుపు బిగించింది.

ఫ్యాను సగం విప్పేసరికి కరెంటు పోయింది. లైటు ఆరింది. పైనుంచి వచ్చే ఏసీ గాలి ఆగిపోయింది. రాక్ మాత్రం యూపీఎస్ మీద పచ్చటి దీపాలతో నడుస్తోంది. తలుపు తీద్దామని రుచిత లీవరు ఎత్తింది. లోపలెక్కడో టక్కుమంది. లీవరు ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది.

లోపలి పిన్ను విరిగిపోయింది. బయటి నుంచైతే చిన్నపిల్ల కూడా ఒక్క చేత్తో తీయగల తలుపు అది.

ఇద్దరూ వంతులు వేసుకుని స్క్రూడ్రైవర్ పిడితో తలుపు మీద బాదారు. కేకలు వేశారు. స్పాంజి చప్పుడునంతా మింగేసింది. వాచ్‌మన్ రామకోటేశ్వరరావు గేటు దగ్గర, ఇంకో గోడ అవతల ఉంటాడు. ఆదివారం పన్నెండింటికి భోజనానికి ఇంటికి వెళ్తే ఎండ తగ్గేదాకా రాడు. రవూఫ్ కాసేపు నవ్వించాడు. ముప్పై ఏళ్లు పటమటలో టీవీలు బాగుచేశాననీ, పెట్టెలో ఇరుక్కున్న బల్లులను చాలాసార్లు బయటికి తీశాననీ, ఆ బల్లుల ఉసురే తగిలిందనీ అన్నాడు. తర్వాత మాటలు తగ్గించాడు. నేల మీద కూర్చుని ఎడమ భుజం నలుపుకోవడం మొదలుపెట్టాడు.

రుచిత ఫోన్ లైటు ఆయన ముఖం మీద వేసింది. "ఏమైందండీ?"

"ఏం లేదమ్మా, గ్యాసు. రాత్రి మా బావమరిది కొడుకు వలీమా విందులో మా ఆవిడ నజీరా వద్దంటున్నా రెండు ప్లేట్లు లాగించా. దావత్ దెబ్బ ఇట్టాగే ఉంటది."

ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కొలిమిలా ఉన్న ఆ గదిలో ఆయన నుదురు చల్లగా ఉంది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. దవడ కూడా లాగుతోందా అని అడిగితే దవడ నిమురుకున్నాడు. గ్యాసు కాదు, గుండె అని అప్పుడు ఆమెకు అర్థమైంది.

ఫైబర్ పీకేస్తే అనుకుంది మొదట. పీకితే భవానీపురంలో లింకు పోయినట్టు కనిపిస్తుంది, అంతే. ఈ వారంలోనే మూడుసార్లు అలా పోయింది. మూడుసార్లూ కరెంటే కారణం. హర్ష పుస్తకంలో టైము రాసుకుని, టీ తాగి వస్తాడు. పోనీ పీకి పెట్టి, పీకి పెట్టి సైగ చేద్దామంటే, వెలుగు ఒకసారి తెగితే అవతలి రిసీవర్ దాన్ని మళ్లీ పట్టుకోవడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. ఆ సైగలేవీ స్క్రీన్ మీదికి ఎక్కవు. వెలుగు తెగకూడదు. గీత కదలాలి.

కదిలించే దారి ఆమెకు తెలుసు. ఉంగరం వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, దాంతోపాటే సిగ్నల్ జరుగుతుంది. రుచిత డబ్బా మూత విప్పి, వేడి పాల మీద ఊదినట్టు చిప్ మీద ఊదింది. రాక్‌లోని చిన్న మీటరు వైపు చూసింది. అంకె కదల్లేదు. ఇంకా గట్టిగా ఊదింది. అంకె ఒక్క గింజంత దిగి, వెంటనే తన చోటికి వచ్చేసింది.

ఆపింది ఆమె రాసిన ప్రోగ్రామే. చిప్ చల్లబడితే పక్కనున్న హీటరును పెంచుతుంది, వేడెక్కితే తగ్గిస్తుంది. బయట ఏం జరిగినా గీత వణక్కుండా కాపలా కాస్తుంది. రెండేళ్లు పట్టింది దాన్ని అంత గట్టిగా చేయడానికి. ఇప్పుడు ఆమె ఊదిన ప్రతి ఊదునూ అది తుడిచేస్తోంది. అవతల హర్ష స్క్రీన్ మీద లోకం ప్రశాంతంగా ఉంది.

హీటరు తీగ పీకితే కాపలా పోతుంది. గీత గాలిపటంలా ఎటు పడితే అటు పోతుంది. పరీక్ష కూడా అక్కడితో పోతుంది.

ఆమె చెయ్యి తీగ దగ్గరికి వెళ్లడం రవూఫ్ చూశాడు.

"దాన్ని ముట్టుకోబాక." గోడకు ఆనుకునే అన్నాడు. "ఇంకా పందొమ్మిది గంటలే. ఆ ఫైబరు చిప్‌కి అతికించడానికి మైక్రోస్కోపు కింద మూడు నెలలు కూర్చున్నా. నాకేం కాదు. ఇరవై రెండు ఇళ్లమ్మా."

"అందులో మీ ఇల్లు లేదా?"

ఆయన గుప్పిటితో ఛాతీని నొక్కుకుని పక్కకు ఒరిగిపోయాడు.

రుచిత తీగ పీకేసింది.

మీటరులో అంకె జారడం మొదలైంది. ఆమె ముందు రవూఫ్‌ను లేపి, గోడకు చేర్చి, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టింది. గుండీలు విప్పింది. ఊపిరి ఆడుతోంది, కానీ పైపైనే. అప్పుడు బల్ల దగ్గరికి వచ్చింది. ఏం చెప్పాలి? అక్షరాలు చెప్పే వీల్లేదు. గీత పైకి పోతుంది, కిందికి దిగుతుంది, అంతకన్నా దానికేమీ రాదు. లెక్కపెట్టగలిగినదేదైనా కావాలి. చూసిన మనిషి ఆలోచించనక్కర్లేనిది కావాలి.

ఈ రాష్ట్రంలో పసివాళ్లకు కూడా తెలిసిన అంకె ఒకటుంది. అంబులెన్సు నంబరు.

ఒకసారి ఊదింది. గీతలో ఒక గుంట. పది లెక్కపెట్టింది. తర్వాత ఊపిరి అయ్యేదాకా సన్నగా, పొడుగ్గా ఊదింది. అది సున్నా. మళ్లీ పది లెక్కపెట్టి, ఎనిమిదిసార్లు ఊదింది. ఒకటి, సున్నా, ఎనిమిది. ఒక నిమిషం ఆగి మళ్లీ మొదటి నుంచి.

మూడో విడతకు కళ్లు తిరిగాయి. గాలి ఆడని గదిలో ఉన్న ఊపిరంతా గోరంత ముక్క మీద పోస్తోంది. అవతల ఎవరైనా చూస్తున్నారో లేదో తెలిసే దారి లేదు. వెలుగు వెళ్లడమే తప్ప తిరిగి వచ్చే తీగ లేదు. హర్ష కుర్చీలో ఉన్నాడో, భోజనానికి లేచాడో. ఉన్నా, గీత చెడిపోయిందని తల పట్టుకుని ప్రోగ్రాం వెతుక్కుంటున్నాడో. ఇంజినీరు బుద్ధి అదే. గుంట కనిపిస్తే లోపం ఎక్కడా అని చూస్తాడు గానీ ఎన్ని గుంటలని లెక్కపెట్టడు. ఆమె అయినా లెక్కపెట్టేది కాదు.

అందుకే ఆపకూడదనుకుంది. ఒక్కసారి వస్తే లోపం. అదే వరసలో పదిసార్లు వస్తే మనిషి.

ఆరో విడతలో తప్పింది. ఏడు ఊదిందో ఎనిమిదో గుర్తు లేదు. బల్ల అంచు పట్టుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మధ్యమధ్యలో రవూఫ్ గారూ అని పిలుస్తోంది. ఆయన ఊఁ అంటున్నాడు. పదో విడతలో పిలిస్తే ఊఁ అనలేదు. ఆమె వెళ్లి భుజం కుదిపింది. కళ్లు సగం తెరిచి, నంబరు ఆపవద్దన్నట్టు వేలితో బల్ల వైపు చూపించాడు. తీగ ముట్టుకోబాక అన్న మనిషే.

పదమూడో విడతలో యూపీఎస్ కీచుమంటూ హెచ్చరిక మొదలుపెట్టింది. ఇంకో పది నిమిషాల్లో లేజరు కూడా ఆరిపోతుంది. ఆమె పెదాలు పగిలి ఉప్పగా తగులుతున్నాయి. పద్నాలుగో విడతలో సున్నా ఊదుతుండగా ముఖానికి చల్లటి గాలి కొట్టింది.

చల్లటిదేం కాదు. మే నెల గాలే. తలుపు తెరుచుకుంది.

రామకోటేశ్వరరావు బయటి లీవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. భవానీపురం నుంచి ఎవరో ఫోన్ చేసి, రాగి గది తలుపు తీయమంటే మధ్యాహ్నం కునుకులోంచి లేచి వచ్చానని చెబుతున్నాడు. లోపలికి తొంగి చూసి లీవరు వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి రవూఫ్‌ను వరండాలోకి మోసుకొచ్చేసరికి రోడ్డు చివర సైరన్ వినిపించింది.

రుచిత చేతిలో ఫోన్ ఆగకుండా అదిరింది. గంటసేపు గది బయటే ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అన్నీ హర్షవే. "గీత జారిపోతోంది చూడు." "గదిలో ఉన్నావా?" "హీటరు చెక్ చెయ్యి." "ఈ గుంటలేంటి?" "మళ్లీ అదే వరస." "ఒకటి, పొడుగుది, ఎనిమిది." తర్వాత నాలుగు నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత: "108కి చేశా. వాచ్‌మన్ నంబరు ఎవరి దగ్గరుంది?"

అంబులెన్సులో రవూఫ్ ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. నాలుక కింద మాత్ర వేశారు. తెల్ల చొక్కా ఆయన ఈసీజీ కాగితం చూసి, గుండెపోటేనని, టైముకే ఎక్కించారని, మిగతాది ఆస్పత్రిలో చూడాలని అన్నాడు. బెంజి సర్కిల్ దాటుతుండగా రుచిత ఫోన్ మోగింది. ఎండీ గారు. హర్ష ఆయనకూ చెప్పినట్టున్నాడు, లేదా స్క్రీన్ ఆయన ఇంట్లోనూ కనిపిస్తుందేమో.

"రుచితా, గీత రెండు నలభైకి పోయింది. కరెంటు వల్లేనా?"

అవునంటే చాలు. కరెంటు వల్ల పోతే పరీక్ష మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవచ్చని ఒప్పందంలో ఉంది. ఆయన గొంతులోనే ఆ సమాధానం సిద్ధంగా ఉంది. కానీ ఆ పద్నాలుగు విడతలూ రికార్డులో ఉన్నాయి. వాటిని ఎవరైనా చూస్తారు.

"కాదండీ. హీటరు తీగ నేనే పీకాను. తలుపు కూడా నేనే మూశాను. రవూఫ్ గారికి గుండెపోటు."

రుచిత స్ట్రెచర్ పక్కన కూర్చుని రవూఫ్ మణికట్టు పట్టుకుంది. వేళ్ల కింద నాడి గతుకుల రోడ్డు మీద బండిలా ఆగి ఆగి కొడుతోంది. కొడుతూనే ఉంది.

"మనిషి ఎట్టా ఉన్నాడు?" అన్నారు వెంకటకృష్ణారావు గారు చివరికి.

"ఉన్నారండీ."

"ఏ ఆస్పత్రో చెప్పు. నజీరా గారిని నేను తీసుకొస్తా."