ఎయిటీ కాదు, ఏటే

నా పేరు నాగవల్లి. మలేషియాలో, మా జార్జ్ టౌన్ హోటళ్లలో మాత్రం నేను ‘వల్లీ డీ’ని. తళుకుల గౌను వేసుకుని పదేళ్లు ఇంగ్లీషు సోల్ పాటలు, డిస్కో పాటలు పాడి అక్కడి కుర్రాళ్లకు నిద్ర లేకుండా చేశాను. గొప్పలు కావు, అప్పట్లో అంతే. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు.

నన్ను నిలబెట్టింది ఒక్కటే పాట, 1980లో వచ్చిన ‘ఎయిటీ’. అది నాది కాదు, మా అక్క ఎర్రమ్మది. అక్కని మేం అప్ప అంటాం. సుంగై సిపుట్ తోటలో రబ్బరు పాలు తీస్తూ, చెట్టు నుంచి చెట్టుకు పోతూ నన్ను కేకేసేది: “ఏటే, వల్లీ, ఏటే!” ఆ కేకకే వరస కట్టి పాట చేసింది. హోటల్లో నేను సరదాగా పాడితే బ్యాండు మాస్టరు ‘ఏటే’ని ‘ఎయిటీ’ అని విన్నాడు. కొత్త ఏడాది మీద పాట, భలే ఉందన్నాడు. అక్క చెల్లెల్ని పిలిచే మా తెలుగు పిలుపని ఒక్క ముక్క చెప్పొచ్చు. చెప్పలేదు. తోట పిల్లనని తెలిసిపోతుందని సిగ్గు. పైగా పత్రికవాళ్లడిగితే, రాసింది నేనే, ఏడాది మీదే రాశానన్నాను. రికార్డు మీద నా పేరే పడింది. నలభై ఏళ్లు దాటినా ఆ తప్పు మింగుడుపడటం లేదు.

మొన్న ఇపో ఊరి నుంచి తివ్య అనే అమ్మాయి ఆ రికార్డు మళ్లీ విడుదల చేస్తానని వచ్చింది. ఈసారి ఎర్రమ్మ పేరు వేయమన్నాను. అయితే ఆవిడ సంతకం కావాలంది. ఇద్దరం అప్ప ఇంటికి వెళ్లాం. ఎలా క్షమించమనాలా అని దారంతా మాటలు కూడగట్టుకున్నాను.

అప్ప నన్ను నోరెత్తనివ్వలేదు. తివ్యను పక్కన కూర్చోబెట్టుకుంది.

“మా వల్లి కొన్నేళ్లు ఇంటికి రానేదమ్మా. అయితే ఏటి? నా పిలుపునే రేడియోలో ఊరంతా ఇనేటట్టు పాడినాది. నన్ను మర్సిపోనేదు. ఇంగ్లీషు పాట అన్నోళ్లతో జగడమాడినాను. పక్కింటి లెచ్చుమితో మాటలే మానేసినాను. తెలుగు మాటే అది, అన్నాను.”

తివ్యకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటమే తక్కువ. ఫోనులో పాత పత్రిక ముక్క తీసి చూసింది. “ఆంటీ, ఎయిటీ అంటే ఇయర్ అని ఇందులో ఉందే?” పాపం, ఆ పిల్ల తప్పేం లేదు.

అప్ప నా వైపు తిరిగింది. “ఏటే, నువ్వలాగన్నావా?”

అబద్ధం చెబితే గండం గడిచిపోయేది.

“అన్నానప్పా. తోట మాటని సెప్పడానికి సిగ్గేసినాది. నా పేరే ఎయ్యించుకున్నాను. తప్పయిపోనాది.”

సంతకానికి తివ్య తెచ్చిన కాగితాన్ని అప్ప చేతిలోకి తీసుకుంది. తర్వాత మడిచి ఆ పిల్లకే ఇచ్చేసింది.

“ఎయిటీ పాట ఈవిడిదేనమ్మా. నా పేరు ఎయ్యొద్దు.”

“అప్పా” అని చెయ్యి పట్టుకోబోయాను. అప్పటికే లేచి వంటింట్లోకి వెళ్లింది. రెండు గ్లాసులతో టీ తెచ్చి, ఒకటి తివ్యకిచ్చింది. రెండోది నా ముందు పెట్టింది.

“మీరు కూడా తాగండి,” అంది నాతో.