చేతులు కలిపితే అయిపోయిందన్నారు

పెళ్లాన్ని కొట్టేవాడు పెళ్లినాడు పుట్టడు. పదహారేళ్లకే తయారవుతాడు. నలుగురూ చూస్తుండగానే తయారవుతాడు. అందుకే కెనడాలోని సస్కచ్వాన్ రాష్ట్రంలో, మా ఊళ్లో ఆడవాళ్ల ఆశ్రయం నడిపే నేను, మంగళవారాలు హైస్కూలుకు పోయి పదో తరగతికి పాఠం చెబుతాను.

"మీ వాడు మీ ఫోను పాస్‌వర్డ్ అడిగితే దాన్నేమంటారు?" అన్నాను.

"ప్రేమంటారు మిస్," అంది మార్లా.

"ఇవ్వకపోతే?"

"పొగరంటారు!" వెనక బెంచీలోంచి కోల్టన్ అరిచాడు. క్లాసంతా నవ్వింది.

టెస్సా నవ్వలేదు. బెల్లు కొట్టాక ఆగిపోయి చొక్కా చెయ్యి పైకి లాగింది. ముంజేతి మీద అయిదు వేళ్లూ నీలంగా తేలాయి.

"వాణ్ని వదిలేద్దామనుకుంటున్నా మిస్. ఎలా చెప్పాలి?"

చేసినవాడు రైలీ హౌగెన్. పన్నెండో తరగతి, ఊరి ఐస్ హాకీ జట్టుకు గోల్‌కీపరు. టెస్సా ఎక్కడుందో ఫోన్లో చూస్తూనే ఉంటాడు. జవాబు ఆలస్యమైతే ట్రక్కేసుకుని వాలిపోతాడు.

"చెప్పకు. ఒంటరిగా అసలే చెప్పకు," అన్నాను. "వదిలిపోతున్నావని వాడికి తెలిసిన రోజే నీకు ఎక్కువ ప్రమాదం."

టెస్సా వాళ్లమ్మను పిలిపించాను. ముగ్గురం కూర్చుని అనుకున్నాం. శనివారం పిన్ని రెజైనా నగరం నుంచి వచ్చి టెస్సాను తీసుకుపోతుంది. వాడి మీద కేసు ఆ తర్వాత. అప్పటిదాకా ఏమీ జరగనట్టే ఉండాలి.

శుక్రవారం సెమీఫైనల్. మ్యాచ్ రోజున ఆటగాడు ప్రేమించే పిల్ల అతని జెర్సీ తొడుక్కుని బడికి రావాలి, మా ఊళ్లో అది ఆనవాయితీ. టెస్సా మామూలు చొక్కాతో వచ్చింది. పొద్దున జెర్సీ చేతిలోకి తీసుకుందట, తొడుక్కోబోతే వాంతొచ్చిందట. మధ్యాహ్నానికి బడంతా గుసగుసలు. రైలీ లాకర్ తలుపును గుద్ది సొట్ట పెట్టాడు.

ప్రిన్సిపాల్ హోమ్‌క్విస్ట్ ఒకప్పుడు హాకీ ఆడినవాడే. హాకీలో ఎంత కొట్టుకున్నా చివర్లో రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలుపుకుంటాయి. అక్కడితో గొడవ ముగిసినట్టే. ఆయన లోకమంతా అలాగే నడుస్తుందనుకున్నాడు.

సంగతి చెవినపడి బడి వదిలే వేళకు నేను వెళ్లేసరికి గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"డోరీన్, నువ్వు రాకముందే వాళ్ల గొడవ తేల్చేశా. ఇద్దర్నీ నా గదిలో కూర్చోబెట్టా. గుచ్చి అడిగితే అమ్మాయి వదిలేస్తానంది, అబ్బాయి సరేనన్నాడు. చేతులు కలిపించా."

"టెస్సా ఎక్కడ?"

"వాడే ఇంటి దగ్గర దింపుతానన్నాడు. పెద్దమనిషిలా మాట్లాడాడు తెలుసా! రాత్రి ఆట ఉంది కదా, మనసు తేలికపడాలి."

నేను కారు తీశాను. టెస్సా వాళ్లింటి ముందు ట్రక్కు లేదు. ఆ పిల్ల ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. పొలాల మధ్య రోడ్డు మీద మంచు తోసే బండివాడు పడి ఉన్న టెస్సాను చూసి అంబులెన్సుకు చెప్పాడు. కోటు లేదు. దవడ విరిగింది. ఒక కన్ను పోయింది. పోలీసులు వెళ్లేసరికి రైలీ స్టేడియంలో కూర్చుని స్కేట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

జట్టు ఓడిపోయింది. ఊరు దానికి ఏడ్చింది.

మంగళవారం పాఠానికి హోమ్‌క్విస్ట్ కూడా వచ్చాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"అంత భయమున్నప్పుడు ఆ పిల్ల ట్రక్కు ఎందుకెక్కింది? నాతో ఒక్క మాట అనుంటే..."

"ఎక్కమన్నది మీరే కదా సార్," అంది మార్లా. "తలుపు తీసి పట్టుకున్నదీ మీరే. నేను చూశాను."

వెనకనుంచి కోల్టన్ మెల్లగా అన్నాడు:

"రైలీ అంత చెడ్డోడేం కాదు మిస్. ఆ ఒక్కరోజు జెర్సీ వేసుకునుంటే ఇంత జరిగేదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొన్ని తలలు అవునన్నట్టు ఊగాయి. అందులో ఒకటి ప్రిన్సిపాల్‌ది.