నల్లపెట్టకు ఎండదెబ్బ

క్రాంతి కుమార్ ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి జీపు తోలుతాడు. పెళ్లయిన మరుసటి ఏడు, పెరట్లో కోళ్లు సాకుదామని భార్య జెస్సీ పోరుపెడితే నంద్యాల సంతకు తీసుకెళ్లాడు.

జెస్సీ గంపల మధ్య గొంతుక్కూర్చుని, ఒక్కోదాన్నీ రెక్క ఎత్తి చూసి, మెడ మీద ఈకలే లేని ఎర్రపెట్టను ఎంచుకుంది.

"ఏందీ, సగం ఒలిచిన కోడిని కొంటాండావ్?" అన్నాడు క్రాంతి.

"మన ఎండలకు ఇదే నయం. మెడకు గాలి తగుల్తాది."

అతని చూపు మాత్రం పక్క గంపలోని నల్లపెట్ట మీద నిలిచిపోయింది. కాళ్ల దాకా దట్టంగా ఈకలు, పెళ్లికూతురి నడక. బరువైన జాతి, ఎండకు ఆగదని జెస్సీ చెప్పినా వినలేదు. రెండూ ఇంటికొచ్చాయి.

చలికాలమంతా నల్లపెట్టే ఎక్కువ గుడ్లు పెట్టింది. క్రాంతికి నేల మీద కాలు నిలవలేదు. మే వచ్చేసరికి గూటి మీది రేకులు పెనంలా కాలసాగాయి. గూటిని వేపచెట్టు కిందికి జరపమంది జెస్సీ. ఆదివారం చూద్దాంలే అన్నాడు.

ఒక మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి, ఎర్రపెట్ట వేపచెట్టు మొదట్లో మన్నులో పొర్లుతోంది. నల్లపెట్ట గూటి పక్కన రెక్కలు వేలేసి, ముక్కు తెరిచి వగరుస్తోంది. చేత్తో ఎత్తితే తల వాలిపోయింది.

జెస్సీ దొర్నిపాడులో నర్సు. వెంటనే ఆమెకు ఫోన్ చేశాడు.

"కోడి సచ్చిపోతాండాది. ఏం చేయాల?"

"నీడకు తీసుకుపో. కుండ నీళ్లలో కాళ్లు ముంచు, ఐసు మాత్రం ఎయ్యాకు. చుక్క చుక్క తాపించు. భయపడాకు."

ఇంతలో స్టాండు నుంచి తోటి డ్రైవరు బాలస్వామి ఫోన్ చేశాడు, భక్తులు కాచుకుని ఉన్నారని.

"నువ్వు తోలుకుపో అన్నా. ఇంట్లో ఒళ్లు బాగలేదు."

"ఎవరికప్పా?"

కోడికి అని చెప్పడానికి నోరు రాక, "మా ఇంట్లో దానికి" అని పెట్టేశాడు.

సాయంత్రం జెస్సీ బస్సు దిగుతూనే బాలస్వామి ఎదురొచ్చాడు. "ఏమ్మా, ఒళ్లు బాగలేదంట, యాడ తిరుగుతాండావ్?" ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంటి దాకా నవ్వు ఆపుకోలేకపోయింది.

క్రాంతి స్నానాలగదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లుంగీ అంతా తడి. ఒళ్లో కోడి, కళ్లు తెరిచి, అతని వేలు పొడుస్తోంది.

"లేసి నిలబడింది" అన్నాడు మెల్లగా. "నీ మాట అప్పుడే ఇని ఉంటే దీనికి ఈ బాధ ఉండేది కాదు."

జెస్సీ పక్కన కూర్చుని, కొంగుతో అతని మొహం తుడిచింది. చీకటి పడేలోగా ఇద్దరూ గూటిని వేపచెట్టు కిందికి మోసి, రేకుల మీద బోదగడ్డి పరిచారు.

నల్లపెట్ట బతికింది గానీ గుడ్లు మానేసింది. జూన్‌లో ఒక ఆదివారం, చర్చి నుంచి చుట్టాలు భోజనానికి వస్తుంటే, క్రాంతి తల్లి సువార్తమ్మ కత్తిపీట తీసింది.

"గుడ్డు పెట్టని కోడిని ఎన్నాళ్లు మేపేది? కోసి పులుసు పెడదాం."

క్రాంతి సంచి తీసుకుని జీపెక్కాడు.

"యాడికిరా?"

"అంగట్లో కోడికూర తెస్తా. దాన్ని ముట్టుకోవాకు మా."

అల్లం దంచుతున్న జెస్సీ తల ఎత్తకుండానే, "కిలోన్నర తే" అంది.