ఆలిస్ సాక్ష్యం

డాక్టరమ్మ బరువులు ఎత్తొద్దంది. ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు, విని బుద్ధిగా తలలూపారు. తాడు లాగడం కూడా బరువెత్తడమేనని మాత్రం ఎవరికీ తట్టలేదు, అదీ సంగతి. బర్మాలో, పజుండౌంగ్ పేటలో, మూడో అంతస్తులో కాపురముండే వాళ్లకి వరండాలోంచి వీధిలోకి వేలాడే తాడే సగం బతుకు. కిందనుంచి అంగడివాడు తాడు కుదిపితే పైన గంట గణగణమంటుంది. సంచీని కొక్కేనికి తగిలించి వాడు తన దారిన వాడు పోతాడు, పైనున్న ఆడది లాక్కోవాలి. ఆ శనివారం పొద్దున్నే ఆలిస్ పిట్టగోడకి పొట్ట ఆనించింది. కుట్లున్న చోట చురుక్కుమంటే వెనక్కి తగ్గి, పక్కకి తిరిగి నిలబడి లాగింది. ముందు ఉల్లిపాయలు. తరవాత బియ్యం, రెండు విడతలుగా. ఆ తరవాత బొగ్గులు, కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు గనక.

"మెల్లిగా లాగవే, తెగిపోగల్దు," అంది లోపల్నుంచి అత్త సూరమ్మ. తాడు గురించి అంది.

మర్నాడు ఆ ఇంట్లో కృతజ్ఞత కూడిక, సంఘమంతా చేరి చేసుకునే ప్రార్థన. ఆలిస్‌కి గర్భసంచి తీసేసి నెలా పదిహేను రోజులైంది. ఆపరేషన్ జరుగుతున్న పూట సూరమ్మ, మోకాళ్లు వంగని మనిషి, మంచం మీదే కూర్చుని భోరున ఏడ్చి మొక్కుకుంది. "పెబువా, నా కోడల్ని లేపీ. అది లేచి తిరిగిందంటే సంగమందరికీ ఇంట్లో బోజనాలెట్టిస్తాను!" దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చింది పాపం. మొక్కుకున్నది అత్త, విన్నది ప్రభువు. ఇక వండాల్సింది ఎవరయ్యా అంటే, లేచి తిరుగుతున్న మనిషే కదా! ఇది తలుచుకుంటే ఆలిస్‌కి ఉల్లిపాయలు ఒలుస్తూనే నవ్వొచ్చింది. "చూశావా ప్రభువా, నువ్వు అత్త మాట విన్నందుకు నాకెంత పని పడిందో," అనుకుంది. ఆలిస్ దేవుడితో ఇలాగే మాట్లాడుతుంది. వంటింట్లో పీట మీద కూర్చున్న చుట్టంతో మాట్లాడినట్టు, చేతిలో పని ఆపకుండా. పని ఆపి మాట్లాడే వీలు ఆమెకెప్పుడు చిక్కింది గనక?

చెప్పొద్దూ, కూడికలంటే ఆ ఇల్లు పెట్టింది పేరు. పెళ్లయి వచ్చిన ఏడాది మొదలు ఇవాళ్టి దాకా ఆ ముందుగదిలో ఎన్ని ప్రార్థనలు జరిగాయో, ప్రభువు తమకి చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు ఎన్ని విన్నాయో ఆ గోడలు. ఒక్క కూడికలోనూ ఆలిస్ మొదట్నుంచి చివరిదాకా కూర్చున్నది లేదు. వాక్యం సగం వినపడుతుంది, మిగతా సగం తాలింపు చిటపటల్లో కలిసిపోతుంది. పాట మొదటి చరణం చాప మీద, రెండో చరణం పొయ్యి ముందు. "విన్సెంటుగారి ఇంట్లో కూడికంటే ఆత్మకీ కడుపుకీ రెండిటికీ విందే," అని అందరూ ఆలిస్ మొగుడు విన్సెంటు భుజం తట్టి వెళ్తారు. కూతురు ఫెయిత్ విషయంలో మాత్రం ఆలిస్ పట్టుపట్టింది. పిల్ల గిటారు పుచ్చుకుని ముందుగదిలోనే కూర్చోవాలి, వంటింటి గుమ్మం తొక్కకూడదు అంది. ఆ ఒక్కటీ గెలిచింది. అందుకే ఇప్పుడు సాయానికి పిలుద్దామంటే తన మాటే తనకి అడ్డం.

అయితే ఈసారి ఆలిస్‌కి ఒక కోరిక పుట్టింది. తనకి జరిగింది తానే చెప్పాలని. శుక్రవారం సాయంత్రం, సేక్కాన్ రేవులో గుమస్తా పని చూసుకొచ్చి కాళ్లు చాపుకున్న మొగుడి దగ్గర ఆ మాట తెచ్చింది.

"ఏవండీ, ఆదివారం సాక్ష్యం నేను చెప్తాను."

"నువ్వా? ఏటి చెప్తావు?"

"నాకైంది నేనే చెప్తాను."

విన్సెంటు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చిన్నపిల్ల బస్సు తోలుతానంటే నవ్వే నవ్వు. "మగాళ్ల ముందర ఆ ఆపరేషన్ సంగతెలా చెప్తావే? సిగ్గుండక్కర్లేదా? కడుపులో ఏదో ఇబ్బందని నేను పద్ధతిగా చెప్పీస్తాను. అయినా నువ్వొచ్చి ఇక్కడ కూకుంటే పొయ్యి కాడెవరుంటారు?"

"మరే," అంది సూరమ్మ. "సాచ్చికం ఎవులు సెప్పినా ఒకటే. కూర ఎవులు వండినా ఒకటి కాదు."

అది మెచ్చుకోలు మాటే. ఆ ఇంట్లో ఆలిస్‌కి దొరికిన మెచ్చుకోళ్లన్నీ ఇలాంటివే, చివర్లో ఒక గరిటె చేతిలో పెట్టి పోతాయి. విన్సెంటు కూడా మంచివాడే. ఆపరేషన్ గది బయట గోడకి తల ఆనించి ఏడ్చాడని నర్సు చెప్పింది. ఆమె కోసం ఏడవగలడు, ఆమె కోసం ఒక కప్పు కడగడం మాత్రం అతనికి తోచదు. తోచని దానికి కోపగించుకుని ఏం లాభమని ఇన్నేళ్లూ సర్దుకుపోయింది. కానీ ఈ ఒక్కటీ వదులుకోవాలంటే గుండె పీకింది. ఎందుకంటే ఆస్పత్రిలో తనకి జరిగింది ఆపరేషన్ ఒక్కటే కాదు.

మధ్యాహ్నాలు ఆమె దగ్గర ఎవరూ ఉండేవాళ్లు కాదు. విన్సెంటు రేవులో, ఫెయిత్ ఫోన్ల దుకాణంలో, సూరమ్మ మెట్లు దిగలేదు. పక్క మంచం మీద ఒక బర్మా ఆవిడ, ఆమెకి తోడుగా చెల్లెలు డో మ్యా, నెరిసిన జుట్టుని ముడేసి అందులో దువ్వెన గుచ్చుకున్న మనిషి. ఒకరోజు కరెంటు పోయి పంకా ఆగిపోతే, డో మ్యా అక్కకి విసురుతున్న తాటాకు విసనకర్రని ఇటూ తిప్పి ఆలిస్‌కీ విసిరింది. ఫ్లాస్కులోంచి పాల టీ పోసి చేతికిచ్చింది. తాగాక ఆలిస్ అలవాటు చొప్పున కప్పు కడగడానికి లేవబోయింది. "పడుకో అమ్మా, నేను కడుగుతాను," అని బర్మీసులో అని, ఆ కప్పు తీసుకుని వెళ్లిపోయింది డో మ్యా. అంతే. ఇంత చిన్నదానికి ఆలిస్ వెక్కి వెక్కి ఏడ్చింది. తనకి ఎవరైనా టీ కలిపిచ్చి ఎన్నాళ్లయింది? అమ్మ పోయాక ఎవరూ ఇవ్వలేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక చేతులు దుప్పటి మీద వట్టిగా పడున్నాయి. వాటిని చూసుకుంటే భయమేసింది. ఇన్నేళ్లూ తనకీ దేవుడికీ మధ్య నడిచిందంతా ఈ చేతుల మీదనే నడిచింది. కూడికలకి వండింది, గుడి తుడిచింది, వచ్చినవాళ్లకి పెట్టింది, అందుకే ఆయన తనని చూస్తున్నాడనుకుంది. ఇప్పుడు లేవలేదు, ఎవరికీ ఏమీ పెట్టలేదు, మోకాళ్లు కూడా వంచలేదు. ఇక తన ముఖం ఎవరు చూస్తారు? అలా బెంగపడుతూ ఉండగానే, ఎలా వచ్చిందో ఏమో, లోపల ఒక సంతోషం నిండింది. మంచం పక్కన ఎవరో వచ్చి తీరిగ్గా కూర్చున్నట్టు, ఏమీ అడగనట్టు, టీ కూడా అడగనట్టు. ప్రభువు తన దగ్గరికి ఏ పనీ చెప్పకుండా వచ్చాడు. పని చెయ్యని ఆలిస్‌ని కూడా ఆయన ప్రేమిస్తాడన్న మాట! ఇంత కాలం బతికి ఈ సంగతి తనకి ఇప్పుడా తెలియడం? కుట్లు నొప్పెడుతున్నా, ఒళ్లంతా నీరసంగా ఉన్నా, ఆ సాయంత్రమంతా ఆలిస్ మనసు గాల్లో తేలింది. విన్సెంటు వచ్చి దిగులుగా కూర్చుంటే, నవ్వు కనపడకుండా ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆదివారం గుడి అయ్యాక అందరూ ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. ముందుగది నిండిపోయి, చెప్పులు మెట్ల మీదకి పాకాయి. వంటింట్లో కొబ్బరన్నం దిగింది, కోడికూర దిగింది, బొగ్గుల కుంపటి మీద పప్పు కుతకుతలాడుతోంది. చీర కట్టుకునే తీరిక కూడా లేక, ఆలిస్ ఇంట్లో కట్టుకునే బర్మా ఆడవాళ్ల లుంగీతోనే, పసుపు మరకలతోనే ఉంది. నడుం పట్టేసింది. గోడకి ఆనుకుని నిలబడి వింటోంది. ఫెయిత్ గిటారు ఆగింది. విన్సెంటు గొంతు సవరించుకున్నాడు.

"సంఘానికి వందనాలు. నా భార్యకి కడుపులో ఏదో చిన్న ఇబ్బందొచ్చింది. ఆ రోజుల్లో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పొద్దున్న రేవు, సాయంత్రం ఆస్పత్రి, ఇంటికొస్తే చల్లారిన పొయ్యి. టీ నీళ్లకి కూడా వీధిలోకి పోవాల్సొచ్చింది." అందరూ నవ్వారు. "కానీ మన ప్రభువు గొప్పవాడు. ఇవాళ చూడండి. మీరు తినబోయే వంటంతా ఒక్క చేతి మీద చేసింది. ఎవర్నీ సాయం పిలవలేదు. స్వస్థతకి ఇంతకన్నా సాక్ష్యం ఏటి కావాలి?"

"స్తోత్రం! స్తోత్రం!" అన్నారంతా.

ఆలిస్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కోపం రాలేదు, ముందు దుఃఖం వచ్చింది. ఓరి దేవుడా, నువ్వు నాకిచ్చిందాన్ని వీళ్లు ఇలా మార్చేశారా? ఏ పనీ చెయ్యని నన్ను వెతుక్కుంటూ వచ్చావు, వీళ్లేమో నిన్ను నా చేత పని చేయించడానికి వచ్చినవాణ్ణి చేసేశారు. ఇప్పుడు ఊరుకుంటే ఇదే నిలుస్తుంది. ఏడాది తిరిగేసరికి తనకి కూడా ఇదే నిజమనిపిస్తుంది. ఆ ఆస్పత్రి మధ్యాహ్నం ఇక ఎక్కడా ఉండదు.

గరిటె పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, ముందుగదిలోకి వచ్చింది. పాస్టరు నాథన్ అయ్యగారు వాక్యం చెప్పడానికి లేవబోతున్నారు.

"అయ్యగారూ, సాక్ష్యం ఇంకా అవ్వలేదు," అంది.

"ఇప్పుడే చెప్పేను గదే," అన్నాడు విన్సెంటు.

"మీది అయిందండీ. నాది చెప్తాను."

అయ్యగారు ఒక క్షణం చూసి, "చెప్పమ్మా," అని మళ్లీ కూర్చున్నారు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నాకు గర్భసంచి తీసీసారు." మగవాళ్లందరూ ఒక్కసారిగా నేలవైపు చూశారు. ఆలిస్ ఆగలేదు. ఏళ్ల తరబడి రక్తం పోయిన సంగతి చెప్పింది. నీళ్ల మోటారు ఆడని రోజుల్లో బిందెలతో మెట్లెక్కిన సంగతి చెప్పింది. డో మ్యా కడిగిన కప్పు గురించి, దుప్పటి మీది వట్టి చేతుల గురించి, మంచం పక్కకి వచ్చి కూర్చున్నాయన గురించి చెప్పింది. "మీరంతా ఇక్కడ నాకోసం ఏడుస్తూ ప్రార్థన చేసేరు. మీ రుణం తీర్చుకోలేను. నేను మాత్రం అక్కడ సంతోషంగా ఉన్నాను. నా పెళ్లినాడు కూడా అంత సంతోషం ఎరగను. దాని గురించే నా కృతజ్ఞత." ఊపిరి పీల్చుకుని, మొగుడి వైపు మెత్తగా చూసింది. "ఈ వంట నా స్వస్థతకి సాక్ష్యం కాదండీ. వంట నేను జబ్బులో కూడా చేసేను."

ఎవరూ స్తోత్రం అనలేదు. గదిలో ఆడవాళ్లలో ఒకరిద్దరు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ఫెయిత్ తల్లినే చూస్తోంది, ఆ చెంపలు తడిగా ఉన్నాయి. అప్పుడు సూరమ్మ కుర్చీలోంచి చెయ్యి చాపింది.

"ఇలగ రాయే గుంటా. నా కాడ కూకో." ఆలిస్ కుర్చీ పక్కన చాప మీద కూర్చుంటే, ముసలావిడ ఆమె తల మీద చెయ్యేసి, చెవిలో చెప్పాననుకుని గదంతా వినపడేలా అంది. "నానూ ఏ కూడికలోనూ కూకోనేదు. మోకాళ్లు పోయినాకే కుర్సీ ఇచ్చేరు నాకు."

నాథన్ అయ్యగారు వాక్యం చెప్పలేదు. "ప్రార్థన చేసుకుందాం," అని కళ్లు మూసుకున్నారు. ఆయన ప్రార్థన పొడుగు, ఊరందరికీ తెలుసు. రోగుల పేర్లు, చెరలో ఉన్నవాళ్లు, ఇళ్లకి దూరమైన కుర్రాళ్లు, ఈ దేశం, అందరినీ ఒక్కొక్కరినే ప్రభువు ముందుంచుతున్నారు. ఆలిస్ కూడా ఒక్కొక్కరినే తలుచుకుంటోంది. వంటింట్లోంచి సన్నగా మాడు వాసన మొదలైంది.

విన్సెంటు ఆమె వైపు ఒరిగాడు. "ఆలిస్. ఒసే ఆలిస్. పప్పు మాడుతున్నాది."

ఆలిస్ కళ్లు తెరవలేదు.

"దించండి మరి," అంది నెమ్మదిగా. "నేను ప్రార్థనలో ఉన్నాను."

పక్కన విన్సెంటు మోకాలి కీళ్లు చిటుక్కుమన్నాయి, అడుగులు వంటింటి వైపు నడిచాయి. మూత దబ్బున కింద పడింది, "అబ్బా!" అన్న కేక, ఆ వెంటనే, "గిన్ని దేంతో పట్టుకోవాలే?" అన్న గొంతు. ఆలిస్‌కి నవ్వు పొంగుకొచ్చింది. ఆపుకోలేదు. ఆ నవ్వుతోనే, కళ్లు మూసుకునే, ఆమేన్ అనే దాకా కూర్చుంది.