ఏడో నంబరు క్యాన్

ఆ మంచు పెట్టె కట్టడానికి నోలాకు ఒక చలికాలం మొత్తం పట్టింది. బడి వంటగదిలో రెండు వందల మంది పిల్లలకు వండి, ఇంటికొచ్చి మొగుడు లీలండ్‌కు ఇంత వడ్డించి, షెడ్డులోకి వెళ్ళిపోయేది. వేళ్ళు కొంకర్లు పోతే హీటరు దగ్గర కాచుకుని మళ్ళీ రంపం అందుకునేది. బయట ప్లైవుడ్డు, లోపల మూడు వరసల ఫోం పలకలు. ఒక వరస అతుకు మీద ఇంకో వరస అతుకు పడకూడదు, పడిందా, చల్లదనమంతా ఆ సందులోంచే పోతుంది. దాని మీద ఫైబర్‌గ్లాసు పూత. మూత అన్నిటికంటే మందం. కరిగిన నీళ్ళలో మాంసం నానకుండా అడుగున చెక్క బద్దలు పరిచి, ఒక మూల చిన్న తూము పెట్టింది.

ఒక పెట్టె కోసం ఇంత యాతన దేనికంటారా? బిగ్‌హార్న్ కొండల్లో ఎల్క్ వేటంటే పొద్దున పోయి సాయంత్రం వచ్చే పని కాదు. వారం రోజుల మకాం. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. అది రెండో రోజే పడిందనుకోండి, మిగతా రోజులన్నీ దాని మాంసాన్ని కాపాడుకోవాలి. అక్టోబరులో అక్కడ రాత్రి నీళ్ళు గడ్డకడతాయి, పగలు చొక్కా విప్పించే ఎండ కాస్తుంది. నోలా తండ్రి ఆఖరిసారి కొట్టిన ఎల్క్ అలాంటి ఎండలోనే, బజారులో కొన్న మంచు డబ్బాలో కుళ్ళిపోయింది. దాన్ని పూడుస్తూ ఆ ముసలాయన ఏడ్చాడు. ఆ ఊళ్ళో తాగుబోతును క్షమిస్తారు, అబద్ధాలకోరును కూడా క్షమిస్తారు, చంపిన జంతువును కుళ్ళబెట్టినవాణ్ణి మాత్రం క్షమించరు. ఆయన తనను తానే క్షమించుకోలేదు. చచ్చేదాకా మళ్ళీ తుపాకీ ముట్టలేదు.

తొమ్మిదేళ్ళుగా దరఖాస్తు పెడుతుంటే ఆ ఏడాది లాటరీలో నోలాకు ఎల్క్ వేట పర్మిట్టు వచ్చింది. నాన్నకు జరిగింది తనకు జరగకూడదనుకుంది. అంతే, ఆ పెట్టె వెనక ఉన్న కథంతా అదే.

జులై ఎండలో, షెడ్డు ముందు ఆరు రోజులు పెట్టి పరీక్ష చేసింది. బడి నుంచి తెచ్చుకున్న ఖాళీ పాల క్యాన్లు పన్నెండు కడిగి, నీళ్ళు నింపి, గడ్డకట్టించి, ఒక్కోదాని మీద నల్ల పెన్నుతో నంబరు వేసింది. ఆరో రోజు మూత తీస్తే పన్నెండింటిలోనూ గడ్డలు గడ్డల్లాగే ఉన్నాయి. లీలండ్‌ను పిలిచి చూపించింది. "బానే ఉందే," అన్నాడు లీలండ్. అతని నోట ఆ మాట రావడమే గొప్ప.

బయల్దేరే రోజు లీలండ్ అన్నగారు మెరిట్ తన కొత్త తెల్ల డబ్బాను ట్రక్కులోకి ఎక్కిస్తూ నోలా పెట్టెను చూశాడు.

"ఏమ్మాయ్, శవపేటిక చేశావా? ఎవరి కోసం?"

"మీ డబ్బాలో పెట్టిన మాంసం కోసం బావగారూ. మూడో రోజుకల్లా పనికొస్తుంది."

"నా దానికి చక్రాలున్నాయి, తాళం ఉంది. మూతకి బీరు సీసా తెరిచే కొక్కెం కూడా ఉంది, చూడు."

"అదే మరి. మాంసం పెట్టెకు సీసా తెరిచే కొక్కెం పెట్టినవాడు జన్మలో మాంసం దాచినవాడు కాదు."

లీలండ్ అన్నగారి జోకుకు నవ్వాడు, పెళ్ళాం జవాబుకు నవ్వలేదు. నోలా అది గమనించింది గానీ మనసులో పెట్టుకోలేదు. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో అలాంటివి మనసులో పెట్టుకుంటే బతకడం కష్టం.

రెండో రోజు సాయంత్రం నోలాకు ఆడ ఎల్క్ దొరికింది. ఒకటే గుండు, నిలబడ్డచోటే కూలింది. ముగ్గురూ కలిసి కోసి, కాళ్ళు విడదీసి, గుడ్డ సంచుల్లో కట్టి రాత్రంతా చెట్టుకు వేలాడదీశారు. వేడి మాంసాన్ని పెట్టెలో పెట్టకూడదు, మంచునంతా అదే తినేస్తుంది. తెల్లవారి మాంసం రాయిలా చల్లబడ్డాక నోలా సర్దింది. అడుగునా పక్కలా ఎనిమిది క్యాన్లు, మధ్యలో మాంసం, పైన నాలుగు క్యాన్లు. మూత వేసి, దాని అంచు మీద వెడల్పాటి టేపు అంటించింది. టేపు మీద తను సంతకం చేసి పెన్ను లీలండ్‌కిచ్చింది. అది ఆమె తండ్రి నాటి పద్ధతి. మకాంలో ఇద్దరు సంతకం చేసిన పెట్టెను ఇల్లు చేరేదాకా ఎవరూ తెరవరు. లీలండ్ కూడా సంతకం చేశాడు.

మెరిట్ మొదటి రోజే పెద్ద కొమ్ముల మగదాన్ని కొట్టి తన డబ్బాలో కుక్కాడు. బీర్లూ అందులోనే. గంటకోసారి మూత తెరుచుకుంటూనే ఉంది. నాలుగో రోజు నోలా దుర్భిణి తీసుకుని లీలండ్ వేట కోసం ఎల్క్ మందను వెతకడానికి ఒక్కతే గుట్ట ఎక్కింది. లీలండ్ మోకాలు నొప్పంటూ గుడారం దగ్గరే ఉండిపోయాడు. సాయంత్రం ఆమె దిగి వచ్చేసరికి టేపు టేపులాగే ఉంది, సంతకాలు సంతకాల్లాగే ఉన్నాయి.

ఏడో రోజు ఇల్లు చేరి షెడ్డులో మూత తీసింది. ముందు వాసన వచ్చింది. ఎముక దగ్గర మాంసం పులిస్తే వచ్చే ఆ వాసన ఆమెకు తెలుసు, నాన్న డబ్బా ముందు నిలబడి పీల్చింది కదా. పైనున్న నాలుగు క్యాన్లలోనూ నీళ్ళే. నోలా పెట్టె పక్కనే నేల మీద కూర్చుంది.

లీలండ్ మూత మూసేశాడు. "నువ్వు లోపలికి పో. ఇది నువ్వు చూడొద్దు. నేను చేస్తాలే."

"నా పెట్టె, లీలండ్. నేను కట్టిన పెట్టె."

"పోనీలే. లేచి లోపలికి పో."

అతనొక్కడే గొయ్యి తవ్వాడు. ఒక్కడే మాంసం పూడ్చాడు. పెట్టె కడిగి ఎండలో బోర్లించాడు. క్యాన్లు కూడా పారేశానన్నాడు. ఆ సాయంత్రం సూపు కాచి గిన్నె ఆమె చేతిలో పెట్టాడు. పొయ్యి వెలిగించడం తెలియని మనిషి తన కోసం సూపు కాచాడని నోలా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తన దుఃఖంలో తోడున్నాడనుకుంది. పిచ్చిది.

ఆ తర్వాత ఏడు వారాల పాటు ఎవరడిగినా ఒకటే జవాబు. "నా పెట్టెదే తప్పు. అతుకులు సరిగ్గా వెయ్యలేకపోయాను." బడిలో చెప్పింది, చర్చిలో చెప్పింది. తుపాకీకి నూనె పూసి అటక మీద పెట్టింది. పెట్టెను కోళ్ళ గూట్లోకి ఈడ్చి అందులో గింజలు పోసింది. మళ్ళీ దరఖాస్తు పెట్టనంది. లీలండ్ విని తల ఊపేవాడు.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ విందు మెరిట్ ఇంట్లో. టర్కీ కోడితో పాటు మెరిట్ కొట్టిన ఎల్క్ రోస్టు కూడా చేసింది తోడికోడలు జోలీన్. బంగాళాదుంపలు మెదుపుతూ, "నోలా, గ్యారేజీ ఫ్రీజర్లోంచి కాస్త మంచు పట్టుకురామ్మా," అంది.

నోలా ఫ్రీజరు తెరిచింది. మాంసం పొట్లాల పక్కన పాల క్యాన్లు, గడ్డకట్టి. ముందున్న దాని మీద నల్ల పెన్నుతో ఏడు. దాని వెనక మూడు. పక్కన పదకొండు. ఆ ఏడుకు నడుమ అడ్డగీత ఉంది. ఏడును అలా రాసేది ఆ ఊళ్ళో నోలా ఒక్కతే, తండ్రి దగ్గర నేర్చుకున్న అలవాటు. లెక్కపెట్టింది. ఎనిమిది.

బీరు కోసం వచ్చిన మెరిట్ ఆమె చూస్తున్నది చూశాడు.

"ఆ, నీ క్యాన్లు. పట్టుకెళ్ళమని లీలండ్‌కు చెప్తూనే ఉన్నా, మర్చిపోతాడు. నిజం చెప్పాలంటే నా ఎల్క్ దక్కింది వాటివల్లేనమ్మా. నాలుగో రోజుకి నా డబ్బాలో మంచు ముక్క లేదు. పాపం, వాడే తెచ్చిచ్చాడు."

"ఎవరు తెచ్చిచ్చారు బావగారూ?"

"లీలండే. నోలాను అడిగావా అన్నాను. అడిగాను, తీసుకోమంది అన్నాడు. నువ్వు పెట్టెనే తిట్టుకుంటుంటే, నన్ను నొప్పించకూడదనేమో అనుకున్నా." ఆమె మొహం చూసి మెరిట్ చేతిలో సీసా దించాడు. "అడగలేదా?"

నోలా ఏడో నంబరు క్యాన్ తీసుకుని భోజనాల గదిలోకి నడిచింది. లీలండ్ ఎల్క్ రోస్టు రెండోసారి వడ్డించుకుంటున్నాడు. క్యాన్ తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. అతను నంబరు చూశాడు. చెంచా కింద పెట్టాడు.

"ఇది ఎక్కడుండాలి లీలండ్?"

"నోలా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు. నా పెట్టెను ఇక్కడివాళ్ళందరి ముందే తిట్టుకున్నాను."

జోలీన్ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. లీలండ్ గొంతు తగ్గించాడు. "అన్నయ్య ఎల్క్ పోయేలా ఉంది. ఆ కొమ్ములు చూశావుగా, అంత జంతువు. నీ పెట్టె గట్టిదని నాకు తెలుసు. నాలుగు క్యాన్లతో కూడా ఆగుతుందనుకున్నా. గట్టిదని నమ్మే తీశాను."

"సంతకం చేసిన టేపు?"

"చలికి మెల్లగా ఊడొచ్చింది. మళ్ళీ అతికించాను."

"మరి మాంసం పోయాక?"

"చెబుదామనే అనుకున్నా. ఈలోపు నువ్వే పెట్టెదే తప్పన్నావు." అతను చేతిరుమాలు మడతపెట్టాడు. "నేనేమీ అనలేదు కదా."

నిజమే, అతనేమీ అనలేదు. ఏడు వారాలు, పక్కనే పడుకుని, ఒక్క మాట అనలేదు. నోలాకు ఆ సూపు గిన్నె గుర్తొచ్చింది. సాక్ష్యం పూడ్చి వచ్చిన చేతులతో కాచిన సూపు అది. దానికి తను ఏడ్చింది. మాంసం పోయినందుకు కాదు, అన్నగారి కోసం క్యాన్లు తీసినందుకు కూడా కాదు, ఆ కన్నీళ్ళను లీలండ్ వాడుకున్నందుకు ఒళ్ళు మండిపోయింది.

ఎనిమిది క్యాన్లూ ట్రక్కులో వేసుకుని ఒక్కతే ఇంటికి పోయింది. కోళ్ళ గూట్లోంచి పెట్టె ఈడ్చుకొచ్చి, గింజలు కుమ్మరించి, వేన్నీళ్ళతో కడిగి వంటగదిలో కట్టెల పొయ్యి పక్కన పెట్టింది. క్యాన్లు పేర్చి, మూత వేసి, టేపు అంటించి, సంతకం చేసింది.

మర్నాడు మెరిట్ తమ్ముణ్ణి దింపి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. లీలండ్ పెట్టెను చూశాడు, బల్ల మీది పెన్నును చూశాడు.

"నేనూ చెయ్యనా సంతకం?"

"నీ సంతకం ఉండగానేగా తెరిచావు," అంది నోలా.

ఆరు రోజులు ఆ పెట్టె వంటగదిలోనే ఉంది. లీలండ్ దాన్ని చుట్టి వచ్చి కాఫీ పోసుకునేవాడు, దాని పక్కనే కూర్చుని తినేవాడు. పొయ్యిలో కట్టెలు తగ్గితే నోలా అతనికే చెప్పి వేయించింది.

ఆరో రోజు పొద్దున అతణ్ణి పిలిచింది. టేపు చింపి మూత ఎత్తింది. క్యాన్లలో చుట్టూ కొంచెం నీరు, నడుమ గడ్డ గడ్డలాగే ఉంది. ఏడో నంబరుది తీసి అతని రెండు చేతుల్లో పెట్టింది.

"తప్పయిపోయింది నోలా," అన్నాడు లీలండ్. "పెట్టె మంచిదే. ఊళ్ళో అందరికీ చెబుతాను."

"చెప్పు."

"చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ఇది కింద పెట్టనా?"

"పట్టుకో," అంది నోలా.

మిగతా ఏడు క్యాన్లూ ఒక్కొక్కటే బయటికి తీసి, ఎంత కరిగిందో చూసి, పెట్టె తుడిచి, అటక ఎక్కి వచ్చే ఏటి వేటకని తుపాకీ దించుకొచ్చేదాకా అతను దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.