బొత్తాల దిండు

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ దొర్లుతాయి. మన్నించండి. పెద్దతనంలో నేర్చుకున్న రాత, ఒక్కో మాట దగ్గరా ఆగుతాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన సెత్ మాంచెస్టర్ స్టూడియోలో ఎప్పటిలాగే పోటీదారు కుర్చీలో కూర్చున్నారు. టీవీలో బహుమతుల ఆటలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆట సాయంత్రం నేరుగా ప్రసారమయ్యేది. అందాకా పోటీదారుకు బదులు కూర్చుని, దీపాలూ కెమెరాలూ సరిచూసుకోనివ్వడం ఆయన ఉద్యోగం. పొట్టి మనిషి. పోటీదారు ఎత్తు రావడానికి నేను కుట్టిచ్చిన దిండు వేసుకునేవారు. పాత కోటు గుడ్డ, నాలుగు మూలలా పెద్ద తెల్ల బొత్తాలు. రిహార్సల్లో నోటికొచ్చిన జవాబు చెప్పినా గంట మోగేది. అలా రోజూ బట్టలుతికే యంత్రం గెలిచి, వట్టి చేతులతో ఇంటికొచ్చేవారు.

ఒక్కసారి తెర మీద నాకు కనబడాలని ఆయన కోరిక. మాకు టీవీ లేదు. పక్కింటి డోరా వాళ్ళింట్లో చూసేదాన్ని.

ఆ రోజు పొగమంచుకు పోటీదారు రైలు ఆగిపోయింది.

"అతను రాకపోతే నువ్వే ఆడాలి సెత్," అన్నాడు దర్శకుడు. "గెలిచినా యంత్రం ఇవ్వంలే."

"యంత్రం ఎవడిక్కావాలి సార్? మా ఆవిడ ఆడా చూస్తుంది!"

మా వీధి మూలనున్న కొట్టుకు ఫోన్ చేసి నాకు కబురు పెట్టారు. నేను ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని డోరా వాళ్ళింటికి వెళ్ళాను.

"కనబడేది ఆయనా, నువ్వా?" అని డోరా ఎగతాళి చేసింది.

దీపాల వేడిలో ఆయన చాలాసేపు ఎడమ చెయ్యి రుద్దుకుంటూనే ఉన్నారట. తీరా ఆట మొదలవబోతుంటే పోటీదారు రొప్పుతూ వచ్చాడు.

"రండి సార్, కుర్చీ వెచ్చగా ఉంది," అని సెత్ లేచి, తెర వెనక పెట్టె మీద కూర్చున్నారట.

టీవీలో ఎవరో పొడుగాయన కనబడ్డాడు. నుదుటి పైభాగం తెరలో పట్టలేదు.

"అయ్యో, సగం తలకాయ ఇంట్లో మర్చిపోయొచ్చాడే!" డోరా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో కెమెరా వెనక్కి జరిగింది. అతని కింద ఒక తెల్ల బొత్తం.

సెత్ ఏనాడూ దిండు వదిలి లేవలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"డోరా, మా ఆయనకేదో అయింది."

ఆట జరుగుతుండగానే పోయారని తర్వాత చెప్పారు. గోడకు ఆనుకుని ఉన్నారట, టై ముడి కూడా సడలలేదట.

తెర మీద గంట మోగింది. పొడుగాయన లేచి యంత్రం దగ్గరికి పరుగెత్తాడు. కుర్చీలో దిండు మిగిలింది, మధ్యలో గుంటతో, నాలుగు బొత్తాలూ దీపాలకు మెరుస్తూ.

— ఆడా గ్రిమ్‌షా, డెబ్బై తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఉండేది మోర్‌కాంబ్‌లో.